ఊళ్లో ఉన్న విద్యను బడిలోకి రానివ్వండి

“సారూ, రెండు తీగలు తెగినయా?”

మా వాడకట్టు పిల్లవాడు, ఏడో తరగతి చదివేవాడు, నా అరుగు ముందు నిలబడి అడిగాడు. నా ఒళ్లో ఉన్న గిటారుకు నాలుగే తీగలు. వాడు సినిమాల్లో, సెల్‌ఫోన్లలో చూసిన గిటార్లన్నిటికీ ఆరు. “తెగలేదు బిడ్డా, ఇది పుట్టిందే నాలుగు తీగలతో” అన్నాను. నమ్మలేదు. దగ్గరికొచ్చి, తల మీద ఉన్న బిరడలు వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు. నాలుగే ఉన్నాయని తేలాక నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రాలు వస్తూనే ఉన్నాడు.

నాది సూర్యాపేట జిల్లా చిలుకూరు. ముప్ఫై ఏళ్లకు పైగా కోదాడ, హుజూర్‌నగర్ చుట్టుపక్కల జిల్లా పరిషత్ బళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ గిటారును ఐదేళ్ల కిందట మా అల్లుడు షికాగోలో పాత వాద్యాలమ్మే దుకాణంలో కొని తెచ్చాడు. తల మీద ‘హార్మనీ’ అన్న అక్షరాలు సగం చెరిగిపోయాయి. హార్మనీ 1892లో ఆ షికాగోలోనే మొదలైన కంపెనీ. ఖరీదైన వాద్యాలు కొనలేని జనం కోసం లక్షల్లో తయారుచేసి అమ్మింది. నా చేతిలో ఉన్నదాన్ని టెనర్ గిటార్ అంటారు. పొట్ట మీద వయొలిన్‌కు ఉన్నట్టు రెండు సందులు, సన్నని మెడ, మామూలు గిటారు కంటే పొట్టి తీగలు. దీనికి సరిపడే తీగల సెట్టు మా దగ్గర దొరకదు. ఎలక్ట్రిక్ గిటారుకు వేసే ఆరు తీగల సెట్టు తెప్పించుకుని అందులో ఒకటి, రెండు, నాలుగు, ఐదు నంబర్ల తీగలు వేసుకుంటాను. మూడోది, ఆరోది చుట్టలు చుట్టి బిస్కెట్ల డబ్బాలో దాస్తాను. ఎండాకాలం వస్తే మా ఊరి వేడికి చెక్క విచ్చకుండా పెట్టెలో తడి స్పాంజి ముక్క పెట్టి మూస్తాను. దీని మీద నేను వాయించేది జాజ్.

చిలుకూరులో జాజ్ ఏమిటని చాలామంది అడిగారు. ఈ వాద్యం ఎందుకు పుట్టిందో చెబితే నా జవాబూ అందులోనే ఉంటుంది.

1920లలో అమెరికా జాజ్ బృందాల్లో లయ నిలబెట్టే పని నాలుగు తీగల టెనర్ బాంజోది. డప్పులాగా తోలు బిగించిన వాద్యం కాబట్టి ట్రంపెట్ల హోరులో కూడా ఖంగుమని వినిపించేది. పెద్ద గరాటు ముందు కూర్చుని వాయిస్తే ఆ చప్పుడే రికార్డు ప్లేటు మీద గీత గీసే రోజులవి. గట్టిగా మోగేదే ప్లేటెక్కేది. 1925లో మైక్రోఫోనుతో రికార్డింగు వచ్చింది. అప్పటిదాకా వినపడని గిటారు మెత్తదనం కూడా ప్లేటెక్కింది. కొద్ది ఏళ్లలో బృందాలు బాంజోను పక్కనపెట్టి గిటారును పిలిచాయి. మరి బాంజో మీద వేళ్లు కాయలు కాయించుకున్నవాళ్ల సంగతేమిటి? ఆరు తీగల గిటారు శ్రుతి వేరు, వేళ్ల లెక్క వేరు. మళ్లీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. వాళ్లకు దారి చూపింది టెనర్ గిటారు. గిబ్సన్, మార్టిన్ లాంటి కంపెనీలు గిటారు ఒంటికి నాలుగు తీగల మెడ తగిలించి, బాంజో శ్రుతే పెట్టి అమ్మాయి. వాయించేవాడికి పని దొరికింది, వేళ్లు నేర్చినది వృథా కాలేదు.

అలా నాలుగు తీగలతోనే బతికినవాళ్లలో ఎడ్డీ కాండన్ ఒకరు. బాంజో వాయిస్తూ వచ్చి, గిటారుకు మారాక కూడా జీవితమంతా నాలుగు తీగల మీదే షికాగో, న్యూయార్క్ జాజ్ బృందాలను నడిపాడు. టైనీ గ్రైమ్స్ ఇంకొకరు. ఎలక్ట్రిక్ టెనర్ గిటారుతో ఆర్ట్ టేటమ్ అనే మహా పియానిస్టు పక్కన కూర్చున్నాడు. 1944 సెప్టెంబరులో గ్రైమ్స్ పేరు మీద జరిగిన రికార్డింగులో చార్లీ పార్కర్ శాక్సాఫోన్ ఊదాడు. నాలుగు తీగలు తక్కువని ఆ రికార్డు విన్నవాళ్లెవరూ అనరు.

నా వేళ్లు కూడా ఇలాగే వలస వచ్చాయి. నాకు పన్నెండేళ్లప్పుడు మా దగ్గరి బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే ఒకాయన నాకు మాండలిన్ నేర్పాడు. ఊరి వరసకు మామ అవుతాడు. పెళ్లిళ్ల రోజుల్లో క్లారినెట్, శ్రీరామనవమి పందిళ్లకు, గణపతి పందిళ్లకు సినిమా పాటల ఆర్కెస్ట్రాలో మాండలిన్. నొటేషన్ రాయడం రాదు. నోటితో స్వరం పాడి, నా వేలు పట్టుకుని మెట్టు మీద పెట్టేవాడు. మాండలిన్‌లో ఒక తీగ షడ్జమం అయితే పై తీగ దానికి పంచమం. టెనర్ గిటారు శ్రుతి కూడా సరిగ్గా అదే, మొత్తంగా ఒక పంచమం కిందికి ఉంటుంది. అరవై ఏళ్లు దాటాక ఈ అమెరికా వాద్యం నా చేతికొస్తే, వేళ్లు ఎక్కడ పెట్టాలో మొదటి సాయంత్రమే తెలిసిపోయింది. అవి మామ పెట్టిన వేళ్లు.

వాద్యం పరాయిదైతే విద్య కూడా పరాయిదని అనుకునేవాళ్లకు మన సంగీత చరిత్రే జవాబు. యూరప్ నుంచి వచ్చిన వయొలిన్‌ను రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితార్ కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని తెలుగువాళ్ల ఇంటి వాద్యం చేశారు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్లప్పుడు తండ్రి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీదికి తెచ్చుకునేవాడు. జంట తీగల మాండలిన్ మీద గమకం నిలవదు కాబట్టి ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను తనకు తగ్గట్టు మార్చుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. 2014లో నలభై అయిదేళ్లకే ఆయన పోయినరోజు మా మామ అన్నం ముట్టలేదు.

ఇక ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో చెబుతాను. మా కోదాడ ప్రాంతపు బ్యాండు మేళాలకు ఇప్పుడు సరిగ్గా ఆ బాంజో వాయించినవాళ్ల పరిస్థితి వచ్చింది. తేడా ఒక్కటే. వాళ్లకు టెనర్ గిటారు దొరికింది, మనవాళ్లకు ఏదీ దొరకలేదు.

నా చిన్నతనంలో పెళ్లి ఊరేగింపు అంటే క్లారినెట్, ట్రంపెట్, శాక్సాఫోన్, సైడ్ డ్రమ్ము. మీరట్‌లో తయారైన ఇత్తడి వాద్యాలు, భుజాల మీద జరీ పట్టీల కోట్లు. ఇప్పుడు ట్రాలీ మీద డీజే బాక్సులు వస్తున్నాయి. ఒక్కడు మీట నొక్కితే పదిమంది ఊపిరి పని అయిపోతోంది. వాయించేవాళ్లు ఒక్కొక్కరే వాద్యాలు మూటగట్టారు. ఒకాయన మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులో హమాలీ. ఒకాయన హైవే మీద హోటల్లో గిన్నెలు కడుగుతాడు. మా మామ రాత్రి వాచ్‌మన్‌గా చేసి చేసి, ఇప్పుడు డెబ్బై దాటి ఇంటిపట్టున ఉన్నాడు. ఎండిపోయిన రీడ్లు నాలుగు, క్లారినెట్ ఒకటి ఇనప్పెట్టెలో ఉన్నాయి.

కిందటి చలికాలంలో ఒకరోజు ఆయన్ని మా అరుగు మీదికి పిలిచాను. క్లారినెట్ తెచ్చుకొమ్మన్నాను. రీడును నోట్లో పెట్టుకుని చాలాసేపు తడిపాడు. “నా కర్ర ఆరున్నర శ్రుతి సారూ, మరి నీది కలుస్తదా?” అన్నాడు. ఆరున్నర అంటే బీ ఫ్లాట్. జాజ్‌లో ఎన్నో పాటలు ఆ శ్రుతిలోనే ఉంటాయి. కారణం కూడా ఇదే, ట్రంపెట్, క్లారినెట్, టెనర్ శాక్సాఫోన్ తయారయ్యేదే ఆ శ్రుతికి. షికాగో గిటారుకూ కోదాడ క్లారినెట్‌కూ ముందే చుట్టరికం ఉందన్నమాట.

బ్లూస్ నడక చెప్పాను. పన్నెండు గళ్లు, గడికి నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు గళ్లు షడ్జమం మీద, రెండు మధ్యమం మీద, మళ్లీ రెండు షడ్జమం మీద. ఆపైన పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, చివరి రెండు షడ్జమం. నలభై ఎనిమిది దెబ్బలు తిరిగి మొదటికి రావాలి, ఆవర్తనంలాగే. దెబ్బకు రెండు స్వరాలు పడితే అవి సమానంగా పడకూడదు. తకిటలో మొదటి రెండు మాత్రలు ఒక స్వరానికి, మూడోది రెండో స్వరానికి. ఆ ఊగులాటనే జాజ్ వాళ్లు స్వింగ్ అంటారు. ఏడో తరగతి పిల్లవాడు వేళ్ల కణుపుల మీద గళ్లు లెక్కపెట్టాడు. నేను నాలుగు తీగలనూ పట్టి లయ వేశాను. నాలుగు తీగల మీద నాలుగు స్వరాలు: షడ్జమం, గాంధారం, పంచమం, నిషాదం. జాజ్ తీగల కూర్పుకు కావాల్సినవి అవే.

మామ మొదటి చుట్టు ఊరికే విన్నాడు. రెండో చుట్టులో శుద్ధ ధన్యాసి అందుకున్నాడు. సగమపనిస. ఎవరూ చెప్పలేదు. బ్లూస్ పాడేవాళ్లు ఎక్కువగా తిరిగేది ఆ అయిదు స్వరాల్లోనే. మధ్యమానికీ పంచమానికీ నడుమ ఉన్న ప్రతి మధ్యమాన్ని పెదవితో ఒత్తి, జారుస్తూ పంచమానికి చేర్చాడు. అమెరికాలో నల్లజాతివాళ్ల బాధంతా దాచుకున్న ఆ నడిమి స్వరం మా మామ ఊపిరిలోనూ ఉంది. ఐదో చుట్టుకు ఆయాసం వచ్చి ఆపేశాడు. పిల్లవాడు మాత్రం వేళ్లు లెక్కపెడుతూనే ఉన్నాడు. “తాతా, ఇంకా మూడు గళ్లున్నయి” అన్నాడు.

జాజ్ పుట్టింది ఇలాంటి మేళాల్లోనే. న్యూ ఆర్లీన్స్ నగరంలో ఊరేగింపులకు, శవయాత్రలకు బ్యాండు కట్టిన పేద నల్లజాతి వాయిద్యగాళ్ల వీధుల్లో పుట్టింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పదకొండేళ్ల పిల్లవాడిగా 1912 చివరి రాత్రి వీధిలో తుపాకీ పేల్చి దొరికిపోయాడు. మర్నాడు అనాథ, నేర బాలల వసతిగృహానికి పంపారు. అక్కడ పీటర్ డేవిస్ అనే బ్యాండు మాస్టారు చేతిలో పడ్డాడు. ఆయన బ్యాండులో చేర్చుకుని కార్నెట్ నేర్పాడు. ఆ మాస్టారు లోకప్రసిద్ధుడేమీ కాదు. ఊళ్లో బ్యాండు నేర్పడం తెలిసినవాడు, అంతే. ఒక వసతిగృహంలో అలాంటి ఒక్క మనిషి ఉండడం వల్ల ఇరవయ్యో శతాబ్దపు సంగీతం దారే మారిపోయింది.

మన బళ్లలో అలాంటి మనిషి ఉన్నాడా? నేను పనిచేసిన ఒక్క బడిలో కూడా సంగీతం చెప్పేవాళ్లు లేరు. ఆగస్టు పదిహేనుకు జెండా పాట సెల్‌ఫోన్‌ను మైకు దగ్గర పెట్టి వినిపించాం. ఒక ఏడాది ఆ ఫోన్‌కు కాల్ వచ్చి జాతీయగీతం మధ్యలో ఆగిపోయింది. నాలుగు వందల మంది పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వంద మందికి పైగా పిల్లలున్న బడిలో కళలకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. ఆ మాట చట్టంలోకి ఎక్కి పదిహేనేళ్లు దాటింది. కళల బోధకుడు ఎక్కడ దొరుకుతాడని అధికారులు అడుగుతారు. ఊళ్లో రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. వెతకాల్సింది అక్కడ.

వాళ్లకు సర్టిఫికెట్లు లేవంటారు. నిజమే. సుబ్బరాజు గారికి మాండలిన్ సర్టిఫికెట్ లేదు. అయినా అర్హత చూడాలనుకుంటే జిల్లాకు ఒక రోజు పెట్టి, సంగీత కళాశాల అధ్యాపకులను ఇద్దరిని కూర్చోబెట్టి, వాళ్ల ఎదుట వాయించమనండి. వాయించడం, పిల్లవాడికి ఒక స్వరం చెప్పడం, ఆ రెండూ చూస్తే చాలు. రెండు గంటల్లో తేలిపోతుంది.

మార్కులు పోతాయని తల్లిదండ్రులు భయపడతారు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిగా అంటున్నాను, భిన్నాలు అర్థం కాని పిల్లలకు నేను బల్ల మీద తాళం వేసి చెప్పాను. ఒక దెబ్బలో రెండు, మూడు, నాలుగు భాగాలు చేయడం చేతికి వస్తే బుర్రకు తొందరగా ఎక్కుతుంది. మా అరుగు మీద పన్నెండు గళ్లు లెక్కపెట్టే ఆ పిల్లవాడు బళ్లో లెక్కలంటే పారిపోయేవాడు. ఇప్పుడు పారిపోవడం లేదు.

ఖర్చు సంగతి. వాద్యాలు చాలావరకు ఇళ్లలోనే ఉన్నాయి, ఇనప్పెట్టెల్లో, అటకల మీద. క్లారినెట్ మెత్తలు మార్చడానికి, ట్రంపెట్ మీటలు బాగుచేయడానికి, రీడ్లు కొనడానికి బడి నిధుల్లో కొంత, మా ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు పంపేదాంట్లో కొంత చాలు. గుళ్లకు, విగ్రహాలకు వాళ్లు ఉదారంగా ఇస్తున్నారు. ఒక బడి బ్యాండుకు అడిగి చూడండి, కాదనరు.

ఇంకొక మాట ఉంది, అదే అన్నిటికంటే బరువైనది. 1941లో ఆంధ్ర మహాసభ ఎనిమిదో మహాసభ మా చిలుకూరులోనే జరిగింది. రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు. నిజాం రోజుల్లో సొంత భాషలో చదువు కావాలని, వెట్టి పోవాలని అడిగిన ఉద్యమం అది. ఆ వెట్టిలో డప్పు కొట్టినవాడి చేతులూ ఉన్నాయి. దొర ఇంట్లో శుభమైనా అశుభమైనా పిలుపొస్తే వెళ్లాలి, కూలి అడగకూడదు. తర్వాత ఆ డప్పు కొట్టిన కులాల పిల్లలే బ్యాండు మేళాలు కట్టారు, కోటు తొడుక్కున్నారు, రేటు మాట్లాడుకున్నారు. కానీ పెళ్లి ఇంట్లో వాళ్ల విస్తరి చాలాకాలం వెనక పెరట్లోనే పడింది. ఊరి సంగీతాన్ని వాళ్లు వందేళ్లు మోశారు. అదే ఊరి బళ్లో ఒక కుర్చీ వేసి, నెలకింతని ఇచ్చి, పిల్లల ముందు నిలబెడితే 1941లో మా ఊళ్లో అడిగిన దానిలో మిగిలిన కొంత తీరుతుంది.

జిల్లా విద్యాశాఖను, మండల విద్యాధికారులను నేను కోరేది చిన్నది. ఈ జూన్‌లో బళ్లు తెరిచేలోగా కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ చుట్టుపక్కల మండలానికి ఒక్క బడిని ఎంచుకోండి. వారానికి రెండు సాయంత్రాలు, ఒక్క వాయిద్యగాడు, పదిహేను మంది పిల్లలు. ఏడాది నడిపి చూడండి. ఆ తర్వాత వచ్చే ఆగస్టు పదిహేనుకు జాతీయగీతం ఆ పిల్లలే వాయిస్తారు.

చదువుతున్న మీకూ ఒక పని. మీ ఊరి పాత బ్యాండు మేళంలో ఇంకా ఎవరు మిగిలారో కనుక్కోండి. పేరు, వాద్యం ఒక కాగితం మీద రాసి మీ బడి హెడ్మాస్టరు చేతికివ్వండి. మా ఊరి కాగితం నేను రాసేశాను. అందులో మూడు పేర్లున్నాయి, మొదటిది మామది. నాకు వేలు పట్టి స్వరం నేర్పిన ఆయన ఇవాళ నన్ను సారూ అంటాడు. ఆయన్ని ఇంతవరకు ఎవరూ సారూ అనలేదు.